టర్బో ఎంతవుతుందని అడిగిన పిల్లలకు



ఉగాది కార్యక్రమం అయినప్పటి నుంచి మన పిల్లలు ముగ్గురు విడివిడిగా ఫోను చేసి నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "మామా, మా కారుకి టర్బో పెట్టించాలంటే ఎంతవుతుంది?" మా మేనల్లుడు గ్రూపులో పెట్టిన ఫొటోలు చూసి అడిగిన ప్రశ్న అది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది. పిల్లలతోపాటు పెద్దవాళ్ళు కూడా చదవండి. డబ్బులిచ్చేది మీరే, రాత్రి పన్నెండు దాకా గేటు వైపు చూస్తూ కూర్చునేదీ మీరే.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. మాది హోసూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. లారీ ఇంజిన్లను పరీక్షించే విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. టర్బో నాకు కొత్త కాదు. 1990ల్లో లారీల వెనక 'టర్బో' అని పెద్ద అక్షరాలతో రాయించుకుని గర్వంగా తిరిగిన కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే లారీ డీజిల్ ఇంజిన్ ఎద్దులాంటిది, ఎంత బరువు పెట్టినా ఓర్చుకుంటుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి ఆ ఓర్పు ఉండదు.

ఫొటోల్లో మీరు చూసిన ఎర్ర బండి మా బావది. దాని పేరు సాన్ స్టార్మ్. ఆ పేరు విననివాళ్ళే ఎక్కువ. బెంగళూరుకి చెందిన సాన్ కంపెనీ తయారుచేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. గుడ్డ పైకప్పు, ఫైబర్‌గ్లాసు ఒళ్ళు, లోపల 1149 సీసీ రెనో పెట్రోల్ ఇంజిన్, 60 హార్స్‌పవర్. రోడ్డు మీద కనబడింది చాలా తక్కువ. మా బావ 2006లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆదివారం పొద్దున అక్కను పక్కన కూర్చోబెట్టుకుని డెంకణికోట దాకా వెళ్ళి టిఫిన్ చేసి రావడం ఆయన సరదా. నాలుగేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆ రోజు నుంచి బండి షెడ్డులో తార్పాలిన్ కింద ఉండిపోయింది.

దాన్ని తీసేద్దామని అక్క ఒకసారి మాట తెచ్చింది. పాత సామాను వ్యాపారి వచ్చి చూసి చెప్పిన ధర విని, అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పుడే మా అల్లుడు అన్నాడు, అమ్మొద్దు, టర్బో పెడతానని. వాడికి 24 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్క నాకు ఫోను చేసి రెండే మాటలు చెప్పింది. "నువ్వు పక్కనుంటేనే. అది రోడ్డెక్కనంటేనే." ఆ రెండు షరతుల మీదే పని మొదలైంది.

ఇంతకీ టర్బో చేసేదేమిటి? ఇంజిన్ ఒక ఊపిరితిత్తి అనుకోండి. గాలి ఎంత పీలిస్తే అంత పెట్రోల్ కాల్చగలదు, అంత బలం ఇవ్వగలదు. మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగినంతే పీలుస్తుంది. టర్బోలో ఒకే ఇరుసుకి అటొక చక్రం, ఇటొక చక్రం ఉంటాయి. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. పారేసే పొగలో ఉన్న శక్తిని మళ్ళీ వాడుకోవడమే దీని కిటుకు. ఆల్ఫ్రెడ్ బూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటి టర్బోలు 1962లో అమెరికాలో దిగాయి, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోన్జా. మన ఇంజిన్ చేసిన రెనో కంపెనీకి కూడా ఇందులో చరిత్ర ఉంది. ఫార్ములా వన్‌లో మొదటిసారి టర్బో కారు దింపింది వాళ్ళే, 1977లో సిల్వర్‌స్టోన్‌లో. అది ఎన్నిసార్లు పొగ కక్కి ఆగిపోయిందంటే దానికి పసుపు టీ కుండ అని పేరు పెట్టి నవ్వారు. రెండేళ్ళకి, 1979లో ఫ్రాన్సులోని డీజోన్‌లో అదే టర్బోతో గెలిచి నవ్విన నోళ్ళు మూయించారు. కంపెనీ అంతటి కంపెనీకే రెండేళ్ళు పట్టింది. రెండు ఆదివారాల్లో అయిపోతుందనుకునే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన ఊళ్ళ విషయంలో ఇంకో సంగతి ఉంది. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి దాదాపు 1013 మిల్లీబార్లు. బెంగళూరు, హోసూరు 900 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో ఉన్నాయి, ఇక్కడ అది 910 చిల్లర. అంటే చెన్నైలో 60 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ ఇక్కడికొస్తే 54కి దిగుతుంది. టర్బో మొదట చేసేది ఈ కొరత తీర్చడం. 0.4 బార్ బూస్ట్ అంటే మన ఎత్తులో గాలిని 1.44 రెట్లకి ఒత్తడం. లెక్కకి చిన్నదిగా కనబడుతుంది గాని తేలికైన బండికి అదే చాలు.

ఇక అసలు పని. టర్బో కొనడంతో మొదలుపెట్టకండి. ముందు కంప్రెషన్ గేజ్ పట్టుకోండి. ఇంజిన్ వేడెక్కించి, స్పార్క్ ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో తిప్పి చూడాలి. మా బండికి నాలుగింట్లో వచ్చిన అంకెలు 165, 162, 166, 160. ఎక్కువకీ తక్కువకీ తేడా పది శాతం లోపలుంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక సిలిండర్ 130 చూపిస్తే ఆ బండికి టర్బో కాదు, ముందు ఇంజిన్ పని కావాలి. నీరసంగా ఉన్నవాడి నెత్తిన బస్తా పెట్టినట్టవుతుంది. రేడియేటర్, నీళ్ళ పైపులు, ఇంజిన్ మౌంటింగులు, క్లచ్చి, అన్నీ చూసుకోవాలి. పాత బండ్ల పెట్రోల్ పైపులు ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి తయారైనవి కావు. కాబట్టి రబ్బరు పైపులన్నీ మార్చేశాం. మొదటి రెండు నెలలు ఈ పనులకే సరిపోయాయి. "మామా, టర్బో ఎప్పుడు?" అని వాడు ప్రతి ఆదివారం అడిగేవాడు. "నట్టు సరిగ్గా విప్పడం వచ్చినాక" అనేవాడిని.

టర్బో ఏది? పెద్దది పెడితే పెద్ద బలం వస్తుందని పిల్లల నమ్మకం. అది తప్పు. పెద్ద టర్బో చక్రం తిరగాలంటే ఎక్కువ పొగ కావాలి. 1149 సీసీ ఇంజిన్ అంత పొగ ఇవ్వాలంటే ఐదు వేల ఆర్‌పీఎం దాటాలి. అప్పటిదాకా ఏమీ రాదు, ఒక్కసారిగా వచ్చేటప్పటికి మలుపు మధ్యలో ఉంటాం. చిన్న ఇంజిన్‌కి చిన్న టర్బోనే. బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట, రెండూ తిరిగాం. పాత డీజిల్ కార్ల టర్బోలు గుట్టలుగా దొరుకుతాయి, ధర కూడా తక్కువ. అయితే డీజిల్ పొగ కన్నా పెట్రోల్ పొగ వేడి ఎక్కువ, పూర్తి బలం మీద 900 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ వేడికి చేసిన చక్రం, దాని గూడు ఆ మంటకి ఎన్నాళ్ళు ఆగుతాయో నమ్మకం లేదు. అందుకని పెట్రోల్ టర్బో కోసమే వెతికాం. 2014లో వచ్చిన టాటా జెస్ట్‌లో 1193 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ టర్బో ఇంజిన్ ఉంది, 90 హార్స్‌పవర్. మన ఇంజిన్ సైజుకి దాదాపు సరిజోడు. గుద్దుకున్న బండిలోంచి తీసిన టర్బో ఒకటి దొరికింది. ఇరుసు పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. పక్కకి పిసరంత ఆడొచ్చు, ముందు వెనకలకి ఆడకూడదు. చక్రం రెక్కల అంచులు గూటికి రాసుకున్న గుర్తులుండకూడదు. ఆ రెండూ చూసుకున్నాకే డబ్బులిచ్చి, దాన్ని బేరింగులు, సీళ్ళు మార్పించడానికి ఇచ్చాం.

టర్బో ప్రాణమంతా ఆయిల్‌లో ఉంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు పైబడి తిరుగుతుంది. అంత వేగంలో ఇనుము ఇనుముని తాకకుండా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ఆయిల్ వచ్చే గొట్టం సన్నం, తిరిగి కిందికి పోయే గొట్టం లావు. వచ్చేటప్పుడు ఒత్తిడితో వస్తుంది, పోయేటప్పుడు మాత్రం తన బరువుతో తాను జారిపోవాలి. ఆ గొట్టానికి ఎక్కడా పైకి లేచే వంపు ఉండకూడదు, ఆయిల్ చట్టిలో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. లేకపోతే ఆయిల్ నిలిచిపోయి సీళ్ళలోంచి కారి నీలం పొగ వస్తుంది. జనం టర్బో చెడిపోయిందని ఇంకోటి కొంటారు, చెడింది గొట్టం వాలు. మా అల్లుడికి ఇది చెప్పేటప్పుడు వాడికి 'వాలు' అనే మాట తెలియలేదు. పొలంలో కాలవకి తీసే వాలు చూపించాను. "ఓ, స్లోప్" అన్నాడు. ఆ రోజు నుంచి వాలు అనే అంటున్నాడు.

ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు దాని అడుగు కాలుతుంది కదా, అదే సంగతి. 30 డిగ్రీల గాలిని 0.4 బార్‌కి ఒత్తితే, టర్బోలో పోయే నష్టం కూడా కలుపుకుని, 80 డిగ్రీల దాకా వెళుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, నాకింగ్ తెస్తుంది. స్పార్క్ వెలిగించిన మంట సిలిండర్ అంతా వరుసగా పాకాలి. వేడి, ఒత్తిడి హద్దు దాటితే మంట చేరకముందే మూలనున్న పెట్రోల్ దానంతటదే పేలుతుంది. సుత్తితో పిస్టన్ నెత్తిన కొట్టినట్టు ఉంటుంది. అది ఎక్కువైతే పిస్టన్ అంచులు విరిగిపోతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఒక్క నిమిషం చాలు. మా ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 9.6 దరిదాపు, అది టర్బో కోసం తగ్గించి చేసినది కాదు. కాబట్టి మూడు జాగ్రత్తలు. ముందువైపు ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని చల్లార్చడం. బూస్ట్ ఉన్నప్పుడు పెట్రోల్ కాస్త ఎక్కువ పోయడం. స్పార్క్‌ని కొంచెం ఆలస్యం చేయడం.

పెట్రోల్ పోసేది ఈసీయూ. కంపెనీ ఈసీయూకి బూస్ట్ అంటే ఏమిటో తెలియదు, లోపలికి వచ్చిన అదనపు గాలికి తగ్గ పెట్రోల్ ఇవ్వలేదు. అందుకని మనం పట్టికలు నింపుకోగల వేరే ఈసీయూ పెట్టాం. ఇక్కడ మామ పనికిరాడు, అల్లుడే గురువు. ఆర్‌పీఎం ఒకవైపు, గాలి ఒత్తిడి ఒకవైపు వేసిన గళ్ళ పట్టిక, ఒక్కో గడిలో ఎంత పెట్రోల్ అనే అంకె. పొగగొట్టంలో పెట్టిన వైడ్‌బ్యాండ్ సెన్సార్ చూసి ఆ అంకెలు దిద్దుకుంటూ పోవాలి. ల్యాంబ్డా 1 అంటే గాలి, పెట్రోల్ సరిసమానంగా కాలిపోవడం. బూస్ట్‌లో 0.8 దగ్గర ఉంచాం. ఇంజెక్టర్లు కూడా మార్చాలి. 80 హార్స్‌పవర్ లెక్క వేసుకుంటే నాలుగు ఇంజెక్టర్లలో ఒక్కొక్కటి నిమిషానికి 200 సీసీ పెట్రోల్ ఇవ్వగలగాలి. సెన్సార్ లేకుండా చెవితో ట్యూన్ చేస్తానని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చేయండి. చెవికి వినబడేటప్పటికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

డైనో మీద మొదట కొలిస్తే చక్రాల దగ్గర 47 హార్స్‌పవర్. 0.4 బార్‌తో 66. పందొమ్మిదే కదా అనకండి, 40 శాతం పెరిగింది. వాడి మొహం చూడాలి ఆ రోజు. ఆ సంతోషంలోనే గొడవ కూడా మొదలైంది.

"మామా, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మారుద్దాం. 0.8 కొడదాం" అన్నాడు. నేను వద్దన్నాను. రెనో వాళ్ళే ఇదే 1149 సీసీ కొలతల మీద టర్బో పెట్టి 100 హార్స్‌పవర్ తీశారు కదా, ట్వింగో జీటీలో ఉంది కదా అన్నాడు. ఉంది, నిజమే. కానీ దానికి వాళ్ళు 16 వాల్వుల తల పెట్టారు, ఇంజిన్‌ని మొదటి నుంచి టర్బో కోసమే సిద్ధం చేశారు. మనది ఎనిమిది వాల్వుల పాత ఇంజిన్. ఆ మాట చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని అన్నాడు, "నాన్న ఉండింటే ఒప్పుకునేవాడు."

ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు. చనిపోయినవాళ్ళ పేరు మీద అడిగినదానికి ఎవరు మాత్రం కాదనగలరు? బావ ఒప్పుకునేవాడో లేదో నాకు తెలియదు. ఒప్పుకునేవాడేనేమో కూడా. ఆ మనిషి అలాంటివాడే. నేను అరవలేదు. ఒక కాగితం, కాలిక్యులేటర్ ముందు పెట్టాను. "0.8కి మన ఊళ్ళో ఒత్తిడి నిష్పత్తి ఎంతో లెక్కవెయ్యి. గాలి ఎంత వేడెక్కుతుందో లెక్కవెయ్యి. డైనో రోజు రికార్డు తీసి ఇంటర్‌కూలర్ దాటినాక వేడి చూడు. ఆ తర్వాత నువ్వే చెప్పు, నేను స్పానర్ పడతాను" అన్నాను.

మరుసటి ఆదివారం కాగితం తెచ్చాడు. నిష్పత్తి 1.88. టర్బో దాటిన గాలి 120 డిగ్రీలకి పైన. డైనో మీద 0.4కే, మూడోసారి పరిగెత్తించేటప్పటికి, ఇంటర్‌కూలర్ దాటినాక కూడా 44 నుంచి 58కి ఎక్కింది. అంటే ఉన్న ఇంటర్‌కూలరే అలిసిపోతోంది. కింద వాడి రాతలో ఒక వాక్యం ఉంది. "ఈ పిస్టన్లతో వద్దు. నాన్న ఇంజిన్ పగలగొట్టను." తెలుగులోనే రాశాడు. పిస్టన్‌కి 'ట' వత్తు రాకపోయినా రాశాడు. ఆ కాగితం నా టూల్ బాక్సు మూత లోపల అంటించి పెట్టుకున్నాను.

ఇప్పుడు చట్టం. దీన్ని ఎవరూ దాటవేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకి, కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడు చట్ట సవరణలో శిక్ష కూడా చేర్చారు. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అది అలా ఉంచి, ఇంత మార్చిన బండి రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్ళు చెయ్యి దులుపుకుంటారు. నైస్ రోడ్డు మీద, కృష్ణగిరి హైవే మీద రాత్రిపూట పందేలు వేసే పిల్లల సంగతి మనకి తెలియనిది కాదు. ఆ రోడ్డు మీద కూరగాయల బండి తోలుకొచ్చే రైతు ఉంటాడు, నైట్ షిఫ్టు దిగి నడిచొచ్చే ఆడపిల్ల ఉంటుంది. వాళ్ళు ఎవరి సరదాకీ ఒప్పుకోలేదు.

అందుకని బండి రిజిస్ట్రేషన్ వదులుకున్నాం. ఇది రాయడం తేలిక, చేయడం తేలిక కాలేదు. బండి ఆర్సీలో బావ పేరుంది. అది రద్దయితే ప్రభుత్వ కాగితాల్లో ఆయన పేరు ఇంకో చోట చెరిగిపోతుంది. రేషన్ కార్డులో, బ్యాంకులో, కరెంటు బిల్లులో ఒక్కొక్కటే చెరిగిపోతుండగా అక్క చూసింది. దీనికి వారం రోజులు ఆలోచించింది. ఆఖరికి తానే వచ్చి సంతకం పెట్టింది. నంబరు ప్లేటు మాత్రం తెచ్చి హాల్లో ఆయన ఫొటో కింద మేకుకి తగిలించింది. ఇకనుంచి బండి ఎక్కడికెళ్ళినా లారీ మీదే వెళుతుంది, ట్రాక్ మీదే తిరుగుతుంది.

మీరు అడిగిన ఖర్చు ఇదిగో. టర్బో, దాని బేరింగులు 22,000. మేనిఫోల్డ్, పొగగొట్టం చేయించడం 24,000. ఇంటర్‌కూలర్, పైపులు 16,000. ఈసీయూ, వైరింగ్ 38,000. వైడ్‌బ్యాండ్, గేజులు 19,000. ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు 14,000. డైనో రెండు రోజులు 16,000. క్లచ్చి, బ్రేకులు, టైర్లు, రేడియేటర్ 61,000. మొత్తం 2,10,000 రూపాయలు, పది నెలల ఆదివారాలు. మా పని కూలి ఇందులో లేదు. ఒకసారి మళ్ళీ చూడండి, అన్నిటికంటే పెద్ద అంకె బలాన్ని ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచని వస్తువులది. ఆ అంకె తగ్గించి మిగతావి చేద్దామనుకునేవాళ్ళు ఈ హాబీ జోలికి రావద్దు.

మొన్న బండిని కోయంబత్తూరు తీసుకెళ్ళాం, చెట్టిపాళెంలోని కరి మోటార్ స్పీడ్‌వేకి. ఆ పేరు ఎవరిదో మన పిల్లలకి తెలియాలి. ఎస్. కరివర్ధన్, కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో, మనలాగే తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళలో పుట్టినాయన. మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు రేసు కారు తయారుచేశాడు. లక్షలు కుమ్మరించి విదేశీ కార్లు తెప్పించుకోలేని కుర్రాళ్ళకి రేసింగ్ అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతోనే ఆ ట్రాక్ 2003లో మొదలైంది. అదే ఊళ్ళో అంతకు ముందే జి.డి. నాయుడుగారు ఉన్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి ఎన్ని యంత్రాలు చేశారో లోకానికి తెలుసు. ఆయన ఇంటి భాషా తెలుగే. మన సంఘాల్లో కవుల ఫొటోలు పెడతాం, రాజుల ఫొటోలు పెడతాం, మంచిదే. చేతికి గ్రీజు అంటించుకున్న ఈ ఇద్దరి ఫొటోలు కూడా ఉంటే మన పిల్లలు కాసేపు నిలబడి చూస్తారని నా మనవి.

ట్రాక్ మీద అల్లుడు హెల్మెట్ పెట్టుకుని, నాలుగు చుట్లు నెమ్మదిగా, ఆరు చుట్లు గట్టిగా తోలాడు. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర టర్బో సన్నగా ఈల వేసింది. వాడు దిగగానే ఇంజిన్ ఆపబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా తోలినాక రెండు నిమిషాలు ఇంజిన్‌ని ఊరికే తిరగనివ్వాలి, లేకపోతే కాలిపోతున్న ఇరుసు దగ్గర ఆయిల్ నిలిచి మాడిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో అక్క వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఎవరమూ ఏమీ అనలేదు. "ఇంత చప్పుడు అప్పట్లో లేదే" అంది. వాడు, "ఇది వేరే చప్పుడు అమ్మా, ఇది గాలి" అన్నాడు. ఇంకొక నాలుగు చుట్లు, ఈసారి నలభై దాటకుండా, ఇద్దరూ తిరిగొచ్చారు.

పిల్లలూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. మీకు రోడ్డు మీద బలమైన బండి కావాలంటే కంపెనీయే టర్బో పెట్టి అమ్ముతున్న కార్లు ఇప్పుడు బోలెడున్నాయి, వారంటీతో సహా. అది కొనుక్కోండి. పాత బండి ఒకటుండి, దాన్ని రోడ్డెక్కించకుండా ఉండగలిగి, పది నెలల ఆదివారాలు ఇవ్వగలిగి, అంకె చూసి కోరిక తగ్గించుకోగలిగితే, అప్పుడు రండి. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదికి సంఘం భవనం వెనక ఖాళీ స్థలంలో ఉంటాను. కంప్రెషన్ గేజ్ నేను తెస్తాను. బండి మీరు తెచ్చుకోండి, అమ్మనో నాన్ననో కూడా తీసుకురండి. ముందు నాలుగు సిలిండర్లు కొలుద్దాం. టర్బో మాట ఆ తర్వాత.